వదులుకున్న సినిమా పేరు చెప్పు

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ వ్యాసం అందింది. 'ఏడాదికొక్కటి: ఎనభైల నాటి నా పది సినిమాలు' అని పేరు పెట్టావు. పెన్ను పుచ్చుకుని లెక్కపెట్టాను, నలభై మూడున్నాయి. ప్రతి ఏడాదికీ ఒక సినిమా ఎంచుకుని, దాని కింద 'ప్రత్యేక ప్రస్తావనలు' అంటూ ఇంకో మూడో నాలుగో చేర్చుకుంటూ పోయావు. అది చూసి నాకు కోపమొచ్చింది. కాయితాలు బల్ల సొరుగులో పడేసి రెండు రోజులు ముట్టుకోలేదు. మూడో రోజు మళ్ళీ తీసి చదువుతుంటే 1988 దగ్గర ఆగిపోయాను. ఈ ఉత్తరం రాస్తున్నది దానివల్లే. అక్కడికి వస్తాను, ముందు కోపం సంగతి చెప్పనీ.

ఏడాదికొక్కటే అన్న నియమం నీ మీద ఎవరూ రుద్దలేదు. నీకు నువ్వే పెట్టుకున్నావు. పెట్టుకున్నాక ఒకటి తీసుకుంటే మిగతావి పోవాల్సిందే. పోతుంటే బాధేస్తుంది. ఆ బాధ రాయడానికే గదా ఈ వ్యాసం! 'ప్రత్యేక ప్రస్తావన' అని రాసిన ప్రతిసారీ నువ్వు ఆ బాధ నుంచి తప్పించుకున్నావు. ఎవరూ నొచ్చుకోకూడదని అందరికీ తలా ఒక తాంబూలం ఇచ్చి పంపావు. అది పెళ్ళిలో మర్యాద, రాతలో పనికిరాదు.

1986నే తీసుకో. 'స్వాతిముత్యం', 'సిరివెన్నెల', 'లేడీస్ టైలర్' మూడూ ఆ ఒక్క ఏడాదే వచ్చాయి. మొదటి రెండూ విశ్వనాథ్ గారివే. నువ్వు 'స్వాతిముత్యం' పెట్టావు. ఆస్కార్‌కి మన దేశం తరఫున వెళ్ళిందని రాశావు. నిజమే. కానీ అది నీ కారణం కాదు, ఆ కమిటీ కారణం. సీతారామ కల్యాణం జరుగుతుంటే శివయ్య వెళ్ళి ఆ విధవరాలి మెడలో పుస్తె కట్టినప్పుడు నీకేమైందో ఒక్క ముక్క రాయలేదు.

నేనైతే 'సిరివెన్నెల' తీసుకుంటాను. వేణువు వాయించే అతనికి చూపు లేదు, బొమ్మలు వేసే ఆమెకి మాట లేదు. ఆమె వేసింది అతను చూడలేడు, ఆమె మనసులో మాట అతనికి వినిపించదు. చేతులు రెండూ తనే కట్టేసుకుని సినిమా తియ్యడానికి దిగాడా దర్శకుడు. పాటలన్నీ ఒక కొత్త కవి చేతిలో పెట్టాడు. సీతారామశాస్త్రి గారి ఇంటిపేరు 'సిరివెన్నెల' అయిపోయింది ఆ సినిమాతోనే. ఇదీ నేను దాన్ని తీసుకోడానికి కారణం. మరి పోయిందేమిటి? 'లేడీస్ టైలర్' పోయింది. అది మా గోదారి పక్క సినిమా. మా వీధుల్లో మాటలు, మా ఎకసెక్కాలు, మా ఊళ్ళో మనుషులు నడిచినట్టే నడిచే మనుషులు. దాన్ని తీసి పక్కన పెడుతుంటే సొంత ఊరిని కాదన్నట్టుంది నాకు. ఈ మాట నా వ్యాసంలో ఉంటే చదివేవాడికి 'సిరివెన్నెల' నాకెంత ఇష్టమో వేరే చెప్పక్కర్లేదు.

నీకంటే ముందు నేనూ ఈ జాబితా రాశాను. 1989 డిసెంబర్లో ఒక వారపత్రిక వాళ్ళు దశాబ్దం అయిపోతోంది, ఏడాదికొకటి చొప్పున రాసివ్వమన్నారు. అప్పుడు కొవ్వూరు దగ్గర బడిలో పన్జేస్తున్నాను. కొత్త సినిమా ఏదైనా రాజమండ్రిలోనే చూడాలి. మా ఊరి హాలుకి బాక్సు వచ్చేసరికి ప్రింటు గీతలు పడి, పాటల్లో రీళ్ళు తెగిపోయి ఉండేవి. అందుకని సైకిలు మీద వంతెన దాటి వెళ్ళి సెకండ్ షో చూసి, అర్ధరాత్రి దాటాక మళ్ళీ అదే వంతెన మీద తిరిగొచ్చేవాణ్ణి. కింది అంతస్తులో రైలు వెళ్తే వంతెన మొత్తం కాళ్ళ కింద వణికేది. 'శివ' చూసొచ్చిన రాత్రి వంతెన పొడవునా నా సైకిల్ చైను చప్పుడు నాకే వినిపించింది. అన్నాళ్ళూ తొక్కిన సైకిలే, ఆ చప్పుడు అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

అయినా 1989కి 'శివ' పెట్టలేదు నేను. 'గీతాంజలి' పెట్టాను. రెండిట్లోనూ ఒకడే హీరో, ఒకరే సంగీత దర్శకుడు. ఆ ఏడు మా అన్నయ్య ఆస్పత్రిలో ఉన్నాడు. పగలంతా ఆ మంచం పక్కన కూర్చుని వెళ్ళినవాణ్ణి, చావబోతున్నామని తెలిసిన ఇద్దరు ఊటీ మంచులో ఒకరినొకరు ఆటపట్టించుకుంటుంటే హాల్లో కూర్చుని చాలా రోజుల తర్వాత ఊపిరి పీల్చుకున్నాను. 'శివ' ముందుముందు సినిమాలు తీసే పద్ధతినే మార్చేస్తుందని తెలిసీ దాన్ని వదులుకుంటున్నాను, మా అన్నయ్య మంచాన ఉన్నాడు కనక, అని రాశాను. ఆ వ్యాసంలో నాకు మిగిలిన వాక్యం అదొక్కటే.

అది అచ్చులో లేదు. పద్నాలుగు పేజీలు పంపితే పది పేర్లు వేశారు, ఒక్కోదాని పక్కన ఒక ఫొటో. చోటు లేదన్నారు. ఎదురు పేజీలో అగరుబత్తీల ప్రకటన నిండా ఉంది. ఆ వారం సంచికలో నా పేరు చూసి బళ్ళో అందరూ అభినందించారు. ఇంటికెళ్ళి కార్బన్ కాపీ తీసుకుని కూర్చున్నాను. అన్నయ్య అప్పటికి లేడు.

ఆ సంపాదకుడి మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. తర్వాత వచ్చినవాళ్ళు అంతకన్నా చేశారు. సినిమాకి మార్కుల్లా చుక్కలు పెట్టమన్నారు. ఐదుకి మూడా, మూడుంబావా? ఆ పావు దేనికి పోయిందో రాయడానికి మాత్రం చోటివ్వరు. నీ వ్యాసంలో పదకొండుసార్లు 'అండర్‌రేటెడ్' అని కనపడగానే ఆ చుక్కలే గుర్తొచ్చాయి. 'సితార'ని కూడా అలాగే అన్నావు. ఆ ఏడు తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు అందుకున్న సినిమా అది. 'వెన్నెల్లో గోదారి అందం' పాడినందుకు జానకమ్మకీ జాతీయ అవార్డొచ్చింది. ఎవరు తక్కువ చేశారు దాన్ని? నీకు ఆలస్యంగా తెలిసిందంతే. అలాగని రాస్తే ఎంత బావుండేది! నువ్వు పుట్టకముందు పాట నీ దగ్గరికి ఎలా వచ్చింది, ఎవరి నోట మొదట విన్నావు, అది చెప్పు నాకు.

నువ్వొక ప్రశ్న అడిగావు. సినిమా మీద విమర్శ రాసేవాడికి ఏం తెలిసుండాలని. జవాబు నువ్వు 1983కి పెట్టిన సినిమాలోనే ఉంది. 'సాగరసంగమం'లో బాలు ఎవరు? నాట్యం మీద పత్రికకి రాసేవాడు. ఆ సంగతి నీ మూడు పేరాల్లో ఎక్కడా లేదు. తాగుబోతు, ఓడిపోయిన కళాకారుడు, కమల్ హాసన్ నటన, ఇవే ఉన్నాయి. పత్రికాఫీసులో ఆ బల్లలూ కుర్చీల మధ్యే, ఒకే పంక్తిని ఏ నాట్య సంప్రదాయంలో ఎలా పట్టాలో తనే ఆడి చూపిస్తాడు చూడు, అది మళ్ళీ చూడు. బాగాలేదు అన్నవాడు లేచి నిలబడి ఎలా ఉండాలో తన ఒంటితో చూపించాడు. ఆ సినిమా చూసిన రాత్రి కరెంటు పోతే లాంతరు పెట్టుకుని నాలుగు పేజీలు రాసి, పొద్దున్నే బస్సెక్కి బెజవాడ తీసుకెళ్ళి ఇచ్చాను. వాళ్ళు కథ మాత్రం ఉంచుకుని, చివర 'కుటుంబ సమేతంగా చూడదగ్గ చిత్రం' అని తగిలించారు. ఆ మాట నేను రాయలేదని ఇంత కాలానికి నీకు చెప్పుకుంటున్నాను.

1985 నువ్వు తొందరగా దాటేశావు. 'మయూరి', 'ప్రతిఘటన', 'అన్వేషణ' మూడిటికీ కలిపి నాలుగు లైన్లు. 'మయూరి'లో కాలు పోయాక మళ్ళీ నాట్యం చేసిన అమ్మాయి, నిజంగా కాలు పోయి జైపూర్ కృత్రిమ కాలుతో నాట్యం చేసిన సుధా చంద్రనే. తన కథలో తనే నటించింది. ఆ ఒక్క సంగతి మీద ఒక పేజీ ఆగాలి నువ్వు. ఆగకపోతే ఆ ఏడాదే తీసెయ్. 1981, 82 బాగానే ఉన్నాయి.

ఇక 1988. 'దాసి' పెట్టావు. నేను పెట్టలేదు. నా జాబితాలో ఆ ఏడాదికి 'స్వర్ణకమలం' ఉంది. ఎందుకంటే 'దాసి' నేను చూడనేలేదు, మా వైపు హాళ్ళకి రాలేదు. చూడనిదాన్ని వదులుకున్నానని ఎలా చెప్పను? ఎన్నో ఏళ్ళకి ఫిల్మ్ సొసైటీ వాళ్ళు వేస్తే చూసి, బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. గడీలో, అంటే దొరగారి కోటలాంటి ఇంట్లో, కమలాక్షి అనే ఆ దాసి నీళ్ళు తోడటం, కాళ్ళు పట్టడం, పిలిచినప్పుడల్లా లేవడం. మాటలు చాలా తక్కువ. దొరసాని వెంట అరణంగా, కట్నంలో భాగంగా వచ్చిన మనిషికి మాట్లాడే హక్కు ఎక్కడిది? ఆ కమలాక్షి వేషం అర్చన వేసిందని రాశావు. రెండేళ్ళ ముందు 'లేడీస్ టైలర్'లో టీచరమ్మ కూడా ఆమేనని గమనించావా? రెండు పేర్లూ నీ నలభై మూడిట్లో ఉన్నాయి, రెండిటినీ కలిపే వాక్యం లేదు. అక్కడ నవ్వుతూ గట్టు మీద నడిచిన మనిషి ఇక్కడ వీపు వంచి నడుస్తుంది. ఒకే ఒళ్ళు అది.

నువ్వు రాసింది మాత్రం ఇది: 'మా నాయనమ్మతో కలిసి చూశాను. సగంలో లేచి పెరట్లోకి వెళ్ళింది, మళ్ళీ రాలేదు.' వెంటనే తరవాతి వాక్యంలో ఐదు జాతీయ అవార్డులు, ఏ విభాగాల్లో వచ్చాయో వరసగా.

అమ్మాయీ, ఎలా వెళ్ళగలిగావు అవార్డుల్లోకి? మీది నల్లగొండ పక్క పల్లె అన్నావు. మీ నాయనమ్మ ఏ దృశ్యం దగ్గర లేచింది? గడీ లోపలి సంగతులు ఆవిడ ఎవరి నోట వింది, వాళ్ళమ్మ నోటా? పెరట్లో ఏం చేసింది? నువ్వు సినిమా ఆపావా, చివరిదాకా చూశావా? ఆపకుండా చూసి ఉంటే అదీ రాయి, దాచకు. నలభై రెండు సినిమాలు కొట్టెయ్. 'ఏడాదికొక్కటి' అన్న శీర్షిక కూడా తీసెయ్. ఆ రెండు వాక్యాలు పట్టుకుని కూర్చో.

ముందు నాయనమ్మని అడుగు. వెంటనే చెప్పదు, కూరగాయలు తరుగుతూ నాలుగు రోజులు పక్కన కూర్చో. చెప్పనంటే ఆ చెప్పనన్న తీరు రాయి. ఆవిడ మాట ఆవిడ యాసలోనే ఉంచు, పుస్తకాల తెలుగులోకి మార్చకు. సంక్రాంతికి ఊరెళ్తావు గదా. వచ్చాక పంపు. ఈసారి చేత్తో రాసి పంపు, నాకు తెర మీద చదివితే కళ్ళు నీళ్ళు కారుతున్నాయి.

ఇట్లు,
మీ మాస్టారు