పాత బుష్ చూపించి కొత్తది చేయించొద్దు

ప్రశ్న: మా నాన్న నడిపిన చెక్క బోటు చాలా ఏళ్లుగా ఒడ్డునే ఉంది. ఇంజన్ బాగైంది గానీ ప్రొపెల్లర్ షాఫ్టు, అది తిరిగే గొట్టాల్లాంటి బుష్‌లు అరిగిపోయాయి, పార్టులు ఎక్కడా దొరకట్లేదు. ఒంగోలులో లేత్ ఆయన పాత బుష్ ఇస్తే అచ్చం అలాంటిదే ఇత్తడితో చేసిస్తాననీ, షాఫ్టుకి మామూలు ఇనుప రాడ్డు చాలనీ అంటున్నాడు. చేయించొచ్చా?
- ఒక పాఠకుడు, కొత్తపట్నం

జవాబు: లేత్ మీద చేయించడం మంచిదే, నాకు భయమల్లా ఆ ‘అచ్చం అలాంటిదే’ అన్న మాటతోనే. అరిగిన బుష్‌ని కొలిచి చేస్తే ఆ అరుగుదల కూడా కొత్తదానిలోకి వచ్చేస్తుంది. షాఫ్టు అరగని చోట, అంటే ఇంజన్‌కి షాఫ్టుని కలిపే జత బిళ్లల (కప్లింగ్) పక్కన, మైక్రోమీటర్ పెట్టి చూడండి. 31.7 చిల్లర మి.మీ. వస్తే 32 అని రాసేసుకోకండి, పాత బోటు కదా, అది ఒకటింపావు అంగుళం షాఫ్టు, అసలు కొలత 31.75.

ఇత్తడి వద్దు. అందులోని జింకుని ఉప్పునీళ్లు తినేసి, గులాబీ రంగు తిరిగిన గుల్ల రాగి మిగులుతుంది. కంచు రకాలైన గన్‌మెటల్ గానీ ఫాస్ఫర్ బ్రాంజ్ గానీ అడగండి. చవకని నైలాన్ జోలికీ పోకండి, నేను ఒకసారి ఆ మోజులో పడి బిగువుగా చేయిస్తే నీళ్లు పీల్చి ఉబ్బి వారం తిరక్కుండానే షాఫ్టుని పట్టేసింది, చేత్తో తిప్పినా కదల్లేదు! షాఫ్టుకి 316 స్టెయిన్‌లెస్ తీసుకోండి. అయస్కాంతం అంటుకోకపోతే 316 అని షాపులో చెబుతారు, ఉప్పునీళ్లకి అంతగా ఆగని 304 రకం కూడా అంటుకోదు, కాబట్టి టెస్ట్ సర్టిఫికెట్ అడిగి కొనండి.

అసలు తిప్పలు టేపర్ దగ్గర, అంటే ప్రొపెల్లర్ ఎక్కే చోట షాఫ్టు కొస సన్నబడే వాలు దగ్గర. పది మి.మీ. పొడవుకి ఒక మి.మీ. సన్నబడే 1:10కీ, పన్నెండుకి ఒకటి సన్నబడే 1:12కీ తేడా కంటికి తెలీదు, అందుకే కాగితం మీద కొలత కాకుండా ప్రొపెల్లర్‌నే లేత్ దగ్గరికి మోసుకెళ్లండి. టేపర్‌కి పల్చగా మార్కింగ్ బ్లూ రాసి, ప్రొపెల్లర్ ఎక్కించి కాస్త అటూ ఇటూ తిప్పి తీస్తే, రంగు లోపల ఆ చివర నుంచి ఈ చివరదాకా అంటాలి. ఒక అంచునే అంటిందంటే భారమంతా ప్రొపెల్లర్ జారకుండా పెట్టే చిన్న లోహపు ముక్క (కీ) మీద పడి అది తెగుతుంది, అప్పుడు మీరు నడిసముద్రంలో ఉంటారు.

కప్లింగ్ బిళ్లలు రెండూ తిన్నగా ఎదురెదురుగా కూర్చున్నాయా అన్నది మాత్రం ఒడ్డున చూసి బోల్టులు బిగించేయకండి. ఎండిన చెక్క నీళ్లలో ఉబ్బి ఆకారం మారుతుంది, కొన్నాళ్లు నాననిచ్చి అప్పుడు ఆ రెంటి మధ్య సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టండి. నాలుగంగుళాల కప్లింగ్‌కి చుట్టూ సందులో తేడా 0.1 మి.మీ. దాటితే ఇంజన్ కింద పెట్టే పల్చటి రేకులు (షిమ్ములు) మార్చాల్సిందే.