దూరంగా వెళ్లే బోట్ల అలలకు జెట్టీ, లిఫ్టు దెబ్బతింటాయా?

తేలే జెట్టీ దిమ్మెలను కలిపే పిన్నులు తరచూ విరుగుతున్నాయని, అటుగా వెళ్లే బోట్ల అలలే అందుకు కారణమా అని, పడవను లిఫ్టు (పడవను నీటి పైకి లేపి నిలిపి ఉంచే సాధనం) మీద ఎత్తి ఉంచితే సరిపోతుందా అని మీరు అడిగారు. శ్రీశైలం బ్యాక్‌వాటర్ ఒడ్డున, సంగమేశ్వరం వైపు రేవుల్లో జెట్టీ మరమ్మతులు చేయించిన అనుభవంతో చెబుతున్నాను. కారణం అలలే, కానీ అతివేగాన్ని మాత్రమే తప్పుపట్టి ప్రయోజనం లేదు.

బోటు బాగా నెమ్మదిగా కదిలితే అల దాదాపు లేవదు. తేలికపాటి స్పీడు బోటు పూర్తి వేగంతో నీటిపైకి తేలి పరుగెత్తేటప్పుడు లేచే అల కూడా కొంత చిన్నదే. ఈ రెండింటికీ మధ్య, ముందుభాగం పైకెత్తి వెనుకభాగం దిగబడిపోయే వేగంలోనే అన్నిటికన్నా పెద్ద అల పుడుతుంది. రేవు కనబడగానే డ్రైవరు మంచి ఉద్దేశంతోనే వేగాన్ని సగానికి తగ్గిస్తాడు, ఆ పెద్ద అల సరిగ్గా జెట్టీ ఎదుటే లేస్తుంది. అల ఎత్తు రెట్టింపైతే అందులోని శక్తి నాలుగు రెట్లవుతుంది కాబట్టి, జానెడు అల మూరెడైతే పడే దెబ్బ ఎంత పెరుగుతుందో మీరే ఊహించవచ్చు.

వరుసగా వచ్చే అలలకు ఒక దిమ్మె లేస్తుంటే పక్కది దిగుతుంది, ఆ విరుపునంతా వాటి మధ్యనున్న పిన్నే భరించాలి. విరిగిన పిన్ను తీసినప్పుడు దిమ్మె చెవిలో, అంటే పిన్ను దూర్చే భాగంలో ఉన్న రంధ్రాన్ని తప్పక చూడండి. అది కోలగా సాగి, చుట్టూ ప్లాస్టిక్ తెల్లబడి ఉంటే ఆ దిమ్మెనే మార్చాలి, లేకపోతే కొత్త పిన్నూ నిలవదు. అంతకన్నా నన్ను భయపెట్టేది, ప్రయాణికులు ఒక కాలు బోటులో, ఒక కాలు జెట్టీ మీద పెట్టి దిగుతున్న క్షణంలో అల రావడం.

లిఫ్టు విషయంలో, పడవ అడుగు నీటికి తగులుతుండగా వదిలేయడం చాలా ప్రమాదం. అల పడవను ఆనుడు దుంగల మీద నుంచి లేపినప్పుడు తీగతాళ్లు వదులై, పడవ మళ్లీ పడగానే ఒక్కసారిగా బిగుసుకుంటాయి, ఆ కుదుపుకే తాడు పోగులు తెగడం, కప్పీలు వంగడం మొదలవుతుంది. అక్కడ వచ్చే పెద్ద అల అందనంత ఎత్తుకు పడవను లేపి ఉంచాలి. నిండినప్పుడు 885 అడుగులుండే శ్రీశైలం జలాశయం నీటిమట్టం ఎండాకాలంలో సంగమేశ్వరాలయం బయటపడేంతగా దిగిపోతుంది కనుక, మా వైపు స్తంభాలకు బిగించే లిఫ్టు పనికిరాదని, తేలే రకమే తీసుకోవాలని నా అభిప్రాయం. లంగరు తాళ్లను కూడా మట్టాన్ని బట్టి సవరిస్తూ ఉండాలి.

ఖర్చు లేకుండా చేయగలిగిన పని బోటు నడిపేవారితో మాట్లాడటం. జెట్టీకి చాలా ముందే ఎర్రజెండా కట్టిన, నీటిపై తేలే డ్రమ్ము వేసి, అక్కడికి చేరేలోపే ముందుభాగం పూర్తిగా కిందికి దిగేంతగా వేగం తగ్గించమని వారిని కోరండి.