మళ్ళీ మహమ్మారి వస్తే ఆంక్షలు ఎప్పుడు, ఎట్లా సడలించాలి? ఒక తిరుపతి డాక్టరు జవాబు

“ఇంకోసారి కోవిడ్ లాంటిది వస్తే, లాక్‌డౌన్ ఎత్తేయొచ్చని డాక్టర్లు దేన్ని చూసి చెప్తారు?” అని అడిగినారు. నేను కొర్లగుంటలో చిన్న క్లినిక్కు పెట్టుకుని జ్వరాలు, దగ్గులు చూసుకునే మామూలు డాక్టర్ని. పెద్ద లెక్కలు కట్టేవాణ్ణి కాను. కానీ ఈ విషయంలో నేనే ఒక తప్పు చేసినా. అక్కడి నుంచే చెప్తా.

2020 జూన్ 8 నుంచి హోటళ్ళు తెరవొచ్చన్నారు. మా వీధి చివర టిఫిను అంగడాయన వచ్చి అడిగితే, “రెండు బల్లలు బయట చెట్టు కింద వేసుకో, లోపల మాత్రం వద్దు” అన్నా. ఐదు రోజులకి మళ్ళీ వచ్చినాడు. “ఎవురికీ ఏమీ కాలేదు సార్. రెండు బల్లలతో గ్యాసు దుడ్లు కూడా రాలేదు.” నిజమే కదా అనిపించి, సరే లోపల కూడా కూర్చోబెట్టుకోమన్నా. ఇంకో తొమ్మిది రోజులకి ఆయనకి జ్వరం. ఆ తర్వాత వాళ్ళమ్మకి. ఆమెకి పాత షుగరు. నాతో బాగానే మాట్లాడుతోంది, ఆయాసం లేదంటోంది, వేలికి ఆక్సీమీటరు పెడితే 88! 94 కంటే తగ్గితేనే ఆలోచించాల్సిన సంగతి. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చింది.

నా తప్పు ఆ ఐదు రోజుల లెక్కలో ఉంది. అప్పటి వైరస్ లోపలికి పోయినాక జ్వరం రావడానికి సుమారు ఐదారు రోజులు, కొందరికి పద్నాలుగు రోజుల దాకా పట్టేది. జ్వరం రాకముందు రెండు రోజుల నుంచే పక్కవాళ్ళకి అంటించేవాళ్ళు. వచ్చినాక మనవాళ్ళు రెండు రోజులు పారాసిటమాల్, మిరియాల చారుతో నెట్టుకొస్తారు. తర్వాత టెస్టు, దాని రిజల్టు. ఆక్సిజన్ పడిపోయేది చాలామందికి జ్వరం మొదలైన వారానికి. అంటే ఈరోజు ఆస్పత్రిలో నిండిన మంచాలు రెండు వారాల కిందటి కథ. కొండమీద వాన పడిన కాసేపటికి కదా కింద మన వీధి కాలవ పొంగేది. కాలవ ఎండి ఉంది కాబట్టి పైన వాన లేదని నేను చెప్పేసినా.

అందుకే నా జవాబు ఇదీ: ఒకసారికి ఒక్కటే సడలించాలి, రెండు వారాలు ఆగి చూసి, అప్పుడే ఇంకోటి. బస్సులు, హోటళ్ళు, ఇస్కూళ్ళు, కల్యాణమండపాలు ఒకే వారంలో తెరిస్తే, కేసులు పెరిగినప్పుడు దేన్ని మూయాలో ఎవరికి తెలుస్తుంది? రెండు వారాలన్నది కోవిడ్ లెక్క. వచ్చేది ఇంకో జబ్బయితే, అది బయటపడే గడువును బట్టి మారుతుంది.

కేసుల సంఖ్య ఒక్కటే చూస్తే మోసపోతాం. టెస్టులు తగ్గిస్తే కేసులూ తగ్గుతాయి. చేసిన నూరు టెస్టుల్లో ఎన్ని పాజిటివ్ అన్నది ముఖ్యం. రెండు వారాల పాటు అది 5 శాతానికి లోపల ఉంటేనే తెరవడం మేలని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 2021 జూలై మొదట్లో కొన్ని జిల్లాల్లో రాత్రి తొమ్మిది దాకా అంగళ్ళు తెరవనిచ్చి, మన చిత్తూరు జిల్లాకి (తిరుపతి అప్పుడు అందులోదే) సాయంత్రం ఆరుకే కట్టేయమన్నది ఈ శాతాన్ని బట్టే. మా వీధిలో అందరూ తిట్టుకున్నారు. నేను మాత్రం పద్ధతి అంటే అదే అనుకున్నా.

ఇంక ఏది ముందు తెరవాలంటే, గాలి ఆడే చోటు ముందు, తలుపులు మూసి ఏసీ వేసే చోటు చివర. తిరుమల దర్శనాలు 2020 మార్చి 20న ఆపినారు. జూన్ 8 నుంచి ముందు టీటీడీ ఉద్యోగులతో, స్థానికులతో సరిచూసుకుని, 11 నుంచి మిగతా భక్తులకి తెరిచినారు, మొదట్లో రోజుకి ఆరు వేల మంది లెక్కన. మామూలు రోజుల్లో అరవై డెబ్బై వేల మంది వచ్చే చోటు అది. నా దృష్టిలో మేలు చేసింది ఆ సంఖ్య కంటే, కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి కూర్చునే పని తప్పడం. నుదుటికి పెట్టే జ్వరం తుపాకీ మీద నాకు అంత నమ్మకం లేదు. జ్వరం రాకముందే అంటించేవాణ్ణి అది పట్టలేదు. కూరగాయల మీద శానిటైజర్ కొట్టడం కూడా వృథా. అన్నట్టు, మా ఇంట్లో అదీ చేసినాం.

క్లినిక్కులో ఏసీ ఆపి, కిటికీలు తీసి, ఒక ఫ్యాను గాలి బయటికి పోయేట్టు తిప్పి పెట్టినా. బెంచీలు వేపచెట్టు కిందికి మార్చినా. ఎండకి తిట్టనోళ్ళు లేరు.

ఇంకొకటి, డాక్టర్లు ఎక్కువ మాట్లాడనిది. కూలికి పోతేనే కూడు దొరికేవాణ్ణి జ్వరమొస్తే ఇంట్లో ఉండమంటే ఉండడు, ఉండలేడు. వారం రోజుల బియ్యం, కాస్త డబ్బు చేతిలో పెట్టకుండా ఏది సడలించినా, జ్వరం దాచుకుని పనికి పోతాడు.

టిఫిను అంగడాయన ఇప్పటికీ కనబడితే, “సార్, ఈసారొస్తే ఎన్ని రోజులు ఆగమంటారు?” అని నవ్వుతాడు. వాళ్ళమ్మ మాత్రం నవ్వదు.