‘ఏకగ్రీవం’ అనవచ్చునా?

సందేహం: నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసేసరికి మా ఊళ్లో సర్పంచ్ పదవికి ఒక్కరే మిగిలారు. మరునాడు పత్రికలో ‘గ్రామస్థులు సర్పంచ్‌ను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు’ అని వచ్చింది. ఓటే వేయని మేము ఎన్నుకున్నామనడం సరైన ప్రయోగమేనా?
– ఒక పాఠకురాలు

సమాధానం: సరైనది కాదు. ఆ వాక్యంలో ‘ఏకగ్రీవం’ అన్న మాటా పొసగలేదు, ‘ఎన్నుకున్నారు’ అన్న క్రియా పొసగలేదు.

‘గ్రీవ’ అంటే మెడ. సుగ్రీవుడు, హయగ్రీవుడు, దశగ్రీవుడు అన్న పేర్లలో ఉన్నది ఈ పదమే. అనేకులు ఒకే గొంతుతో పలికినట్లు ఒక్క మాటమీద నిలవడం ఏకగ్రీవం. ‘ఏకకంఠంగా’ అన్నా దాదాపు ఇదే భావం. ఈ మాట వాడాలంటే ముందు పలువురిని అడిగి ఉండాలి, వాళ్లు తమ అభిప్రాయం చెప్పి ఉండాలి, ఆ అభిప్రాయాలన్నీ ఒక్కటై ఉండాలి. సభ ఏకగ్రీవంగా తీర్మానించింది అన్నప్పుడు ఈ మూడూ ఉన్నాయి కనుక ప్రయోగం నిర్దుష్టం. ఒక్క నామినేషనే మిగిలినచోట ఓటరును అడగడమే జరగలేదు.

చట్టం కూడా ఇక్కడ ఏకాభిప్రాయం ఊసెత్తదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 53వ సెక్షన్ ప్రకారం, ఎన్ని స్థానాలున్నాయో అంతమందే అభ్యర్థులు మిగిలితే, రిటర్నింగ్ అధికారి వెంటనే వారు ఎన్నికైనట్లు ప్రకటించాలి. పంచాయతీల్లోనూ పద్ధతి ఇదే. మన పొరుగు భాషలు ఈ సంగతిని ఉన్నదున్నట్లు చెబుతున్నాయి: కన్నడిగులు ‘అవిరోధ’ అంటారు, హిందీవారు ‘నిర్విరోధ్’ అంటారు, తమిళులు పోటీ లేకుండా అనే అర్థంలో ‘పోట్టియిన్ఱి’ అంటారు. ఎదురు నిలిచినవారు లేరన్నంతవరకే ఆ మాటలు చెబుతాయి. మనం మాత్రం అందరూ ఒప్పుకున్నారని కూడా చెప్పేస్తున్నాం.

1977లో నీలం సంజీవరెడ్డి రాష్ట్రపతి అయినప్పుడు దాఖలైన 37 నామినేషన్లలో 36 తిరస్కరణకు గురై, పోలింగ్ లేకుండానే ఆయన ఎన్నికయ్యారు. ప్రధాన పక్షాలు ఆయనను బలపరిచాయి కాబట్టి అక్కడ ‘ఏకగ్రీవం’ అన్నా కొంత సమర్థించుకోవచ్చు. 2024లో సూరత్ లోక్‌సభ స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ తిరస్కరణకు గురికాగా, మిగిలినవారు తప్పుకోగా, భాజపా అభ్యర్థి ఏప్రిల్ 22న ఎన్నికైనట్లు ప్రకటించారు. అక్కడి ఓటర్లకు మీట నొక్కే పనే పడలేదు. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన ‘నోటా’ సైతం వారికి దక్కలేదు. దీన్ని ‘ఏకగ్రీవం’ అంటే లక్షలాది మంది చెప్పని మాటను వారి నోట పెట్టినట్లే.

మన పల్లెల సంగతి మరింత సున్నితమైనది. ఊరంతా రచ్చబండ దగ్గర కూర్చుని, ఆడవాళ్లతో సహా అన్ని వాడలవారూ నోరు విప్పి ఒక మనిషిని నిలబెట్టుకుంటే అది నిజమైన ఏకగ్రీవమే. అలాంటి ఊళ్లను నిండుమనసుతో మెచ్చుకోవలసిందే. కానీ పదవిని వేలంపాటలో పాడుకున్నా, బరిలో ఉన్నవారిని బెదిరించి ఉపసంహరణ పత్రం మీద సంతకం పెట్టించినా, ఫలితాల పట్టికలో అదే మాట పడుతుంది. పైగా ఈ మాటకు ప్రోత్సాహకాల గౌరవం కూడా తోడైంది. 2021 పంచాయతీ ఎన్నికలప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇలాంటి పంచాయతీలకు జనాభానుబట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల వరకు ప్రకటించింది. ఎన్నికల సంస్కరణల గురించి మాట్లాడేటప్పుడు యంత్రాలూ ఖర్చులూ చర్చకు వచ్చినంతగా ఈ మాట రాదు. ఓటరు మౌనాన్ని అంగీకారంగా లెక్కగట్టే వాక్యం రోజూ అచ్చవుతుంటే, ఎన్నికల మీద అతనికి నమ్మకం ఎలా నిలుస్తుంది?

వాడుకలో స్థిరపడిన మాటను తప్పుపట్టడం నాకు సాధారణంగా ఇష్టం ఉండదు. పదిమంది నోట నలిగిన అర్థాన్ని భాష ఒప్పుకోక తప్పదు. ఇక్కడ మాత్రం వాడుక జరిగిన సంగతినే మార్చేస్తోంది కాబట్టి ఒప్పుకోలేను.

ఇక క్రియ విషయం. ‘ఎన్నుకున్నారు’ అనడానికి ఎన్నుకునే కర్త కావాలి. మీరు ఓటు వేయలేదు కనుక ఆ వాక్యంలో ‘గ్రామస్థులు’ కర్త కాజాలరు. ‘పోటీలో మరెవరూ లేకపోవడంతో ఫలానావారు సర్పంచ్‌గా ఎన్నికైనట్లు అధికారి ప్రకటించారు’ అని రాయాలి. శీర్షికలో చోటు చాలకపోతే ‘పోటీ లేకుండా సర్పంచ్’ అంటే సరిపోతుంది. ‘అవిరోధంగా’ అన్నా తప్పులేదు.