క్యాసెట్ ఎక్కిస్తే గొంతు మూగగా వస్తోందా? హెడ్ పక్కన స్క్రూ చూడండి

తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు, చాలావరకు డెక్ (క్యాసెట్ ప్లేయర్) హెడ్‌దే, అంటే టేపుని చదివే భాగానిదే. నాన్నగారి హరికథల క్యాసెట్లు ఏ యాప్‌లోనూ లేవని మీరే ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిస్తుంటే, గొంతు దుప్పటి కింద నుంచి వచ్చినట్టుందన్నారు కదా. హెడ్ మురికి పట్టి ఉండాలి, లేదా వాలి ఉండాలి.

1. ముందు టేపు చూడండి. అంచున తెల్లటి బూజుంటే డెక్‌లో పెట్టొద్దు, మిగతా క్యాసెట్లకీ అంటుతుంది.

2. దూది ఇయర్‌బడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, గోధుమరంగు మరక రావడం ఆగేదాకా హెడ్ తుడవండి. పూర్తిగా ఆరనివ్వండి.

3. అందరూ వదిలేసేది ఇదే. హెడ్‌కి ఒక పక్క స్ప్రింగ్ ఉన్న చిన్న స్క్రూ ఉంటుంది, హెడ్ వాలు సరిచేసేది అదే. క్యాసెట్ మోగుతుండగా, మోనోలో (రెండు చానెళ్లూ ఒకటిగా కలిపి) వింటూ, దాన్ని కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పండి. పావు చుట్టు కూడా అక్కర్లేదు. చిడతల చప్పుడు, 'స' అక్షరం పదునుగా వినిపించిన చోట ఆపండి. అయస్కాంతమున్న స్క్రూడ్రైవర్ వద్దు.
క్యాసెట్ మారితే మళ్లీ సరిచూడాలి, ఒక్కోటి ఒక్కో డెక్‌లో రికార్డయి ఉంటుంది. ఇది తెలియక నేను ఇరవై క్యాసెట్లు రెండోసారి ఎక్కించాను.

4. డెక్ వైరుని ల్యాప్‌టాప్ మైక్ జాక్‌లో గుచ్చకండి, చాలావాటిలో అది మోనో. లైన్-ఇన్ (డెక్ లాంటివాటి సౌండ్ తీసుకునే జాక్) ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో శాంపుల్ రేటు 44100 హెర్ట్జ్ పెట్టి, పీక్ (సౌండ్ అన్నిటికన్నా పెరిగే చోటు) మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి.

5. అసలు కాపీ ఎంపీ3గా కాదు, ఫ్లాక్‌గా (నాణ్యత తగ్గని ఫార్మాట్) దాచండి. 60 నిమిషాల క్యాసెట్‌కి 60 నిమిషాలూ కూర్చోవాల్సిందే.