ఒకే ప్రభుత్వ స్థలానికి ఇద్దరు వాల్యూయర్లు రెండు విలువలు ఎందుకు కడతారు?

పునరభివృద్ధికి ఇవ్వబోయే స్థలానికి ఒక వాల్యూయరు కట్టిన విలువ రెండో ఆయన కట్టినదానిలో సగమే ఉందని, ఎవరిది తప్పని అడిగారు. ఎవరిదీ కాకపోవచ్చు. ముందు ఇద్దరికీ పని అప్పగించిన లేఖలు పక్కపక్కన పెట్టి చదవండి. ఒకరిని ఏ షరతులూ లేకుండా మార్కెట్లో ఎంత పలుకుతుందని, మరొకరిని కొన్ని ఇళ్లు పేదలకు తక్కువ అద్దెకు ఇవ్వాలన్న షరతుతో ఎంత పలుకుతుందని అడిగి ఉంటారు. నిజానికి రెండు విలువలూ కావాలి. ఆ తేడాయే షరతుల కోసం ప్రజలు వదులుకుంటున్న సొమ్ము. దాన్ని విడిగా చూపకపోతే ఇచ్చింది రాయితీయో ధారాదత్తమో తేలదు.

షరతుల సంగతి అలా ఉంచితే, నన్ను ముంచబోయింది ఒక పాత బస్సు డిపో. చుట్టుపక్కల అమ్మకాలన్నీ చూసి నివేదిక రాసేశాను. ఇచ్చే ముందు రోజు ఎందుకో మళ్లీ వెళ్లాను. కంకరలో మూత బిగించిన ఇనుప గొట్టం కాలికి తగిలింది. కింద డీజిల్ ట్యాంకు! తవ్విస్తే మట్టి నల్లగా, ముక్కు మూసుకోవాల్సిన వాసనతో బయటపడింది. శుభ్రం చేసే ఖర్చు తీసేశాక నేను కట్టిన విలువలో మూడో వంతు ఎగిరిపోయింది. అప్పటి నుంచి మట్టి పరీక్ష చూడనిదే సంతకం పెట్టను.

ఇంకో చిక్కు లెక్కలోనే ఉంది. స్థలంలో నిర్మించబోయే ఇళ్లు, దుకాణాలు అమ్మితే వచ్చేదాంట్లో ఖర్చులు తీసేసి, మిగిలినదే స్థలం విలువ అనే పద్ధతి ఒకటుంది. అవన్నీ అమ్మితే 100 వస్తుందనుకోండి. నిర్మాణం, వడ్డీ, బిల్డరు లాభం కలిపి 80 పోతే స్థలానికి మిగిలేది 20. అదే అమ్మకాలు 90 దగ్గర ఆగితే, ఖర్చు మారదు కాబట్టి మిగిలేది 10. అంచనా పదో వంతు తగ్గితే స్థలం విలువ సగమైంది! అందుకే ఈ పద్ధతిలో వచ్చిన అంకెను దగ్గరి స్థలాల అమ్మకాలతో సరిచూడకుండా నమ్మకండి.

లీజుకే ఇస్తున్నాం, స్థలం మనదే కదా అని కొందరు ధీమాగా ఉంటారు. గడువు తీరాక తిరిగొచ్చే స్థలానికి ఈనాటి విలువ ఎంతో చూడండి. 8 శాతం వడ్డీతో లెక్కిస్తే 30 ఏళ్ల లీజులో అది అప్పటి విలువలో సుమారు పదో వంతు, 99 ఏళ్ల లీజులో వెయ్యిలో ఒక వంతు కూడా కాదు. అంటే చేతికి దక్కేది దాదాపుగా అద్దే. మీ ముసాయిదాలో అద్దె సవరణ ఎన్నేళ్లకోసారి ఉందో చూశారా? లేకపోతే వాల్యూయర్ల తగవు పక్కన పెట్టి ముందు అది రాయించండి.