పల్లీలు పడని బిడ్డ ఉన్న ఇంటికి

అమ్మాయీ,

ఫోన్‌లో నువ్వు కంగారుగా ఉన్నావు, అందుకే రాస్తున్నాను. మీ అత్తగారి చేత, పనమ్మాయి చేత కూడా చదివించు. పల్లీ చట్నీ తిన్న కాసేపటికే బాబు మూతి వాచి, రెండుసార్లు కక్కుకున్నాడంటే అది "పడలేదులే" అని వదిలేసే విషయం కాదు. తొందరగా పిల్లల డాక్టరుకి, వీలైతే అలర్జీ డాక్టరుకి చూపించు. ఈలోగా పల్లీ అన్నది వాడి నోట పడకూడదు.

తిన్నాక నాలుగు దద్దుర్లు వచ్చి, పిల్లాడు హుషారుగా ఆడుకుంటుంటే డాక్టరు రాసిన సెట్రిజిన్ సిరప్ పోసి కనిపెట్టుకుని ఉండొచ్చు. గొంతు బొంగురుపోయినా, ఆగకుండా దగ్గినా, పిల్లికూతలు వచ్చినా, చొంగ కారుస్తూ మింగలేకపోయినా, మొహం పాలిపోయి ఒళ్లు వాలేసినా క్షణం ఆగొద్దు. దద్దుర్లతోపాటు పదేపదే వాంతులైనా అంతే. ఒక్క దద్దురు లేకుండానే ఊపిరి అందని పిల్లలూ ఉంటారు. ఇదంతా సాధారణంగా తిన్న నిమిషాల్లోనే మొదలవుతుంది, ఒక్కోసారి రెండు గంటల దాకా పట్టొచ్చు.

అప్పుడు కాపాడే మందు అడ్రినలిన్ ఒక్కటే. ఏవిల్, సెట్రిజిన్ దురద తగ్గిస్తాయి, మూసుకుపోతున్న గొంతుని తెరవలేవు. స్టెరాయిడ్ పనిచేయడానికి గంటలు పడుతుంది. పిల్లల వార్డులో నర్సుగా ఉన్నన్నాళ్లూ ఆలస్యంగా వచ్చిన బిడ్డల తల్లులు చెప్పింది ఒకటే మాట: "సిరప్ పోసి చూశామండీ." ఆ మాట నీ నోట రాకూడదమ్మా.

అడ్రినలిన్‌ని తొడ బయటివైపు, మధ్యలో, కండలోకి పొడవాలి. కిలోకి 0.01 మిల్లీగ్రాము లెక్క. మన దగ్గర దొరికే ఆంప్యూల్‌లో, అంటే మందు ఉన్న చిన్న గాజు బుడ్డిలో, 1 మి.లీ.కి 1 మి.గ్రా. ఉంటుంది కాబట్టి 12 కిలోల మీవాడికి 0.12 మి.లీ. విదేశాల్లో వాడే పెన్ను లాంటి ఇంజెక్షన్ ఇక్కడ సులువుగా దొరకదు. అందుకని ఆంప్యూల్, 1 మి.లీ. సిరంజి ఇంట్లో ఉంచుకోవాలా అని డాక్టరుని అడుగు. ఉంచుకోమంటే ఎంత మందు ఎక్కించాలో సిరంజి మీద గీత పెట్టించుకుని, అక్కడే ఆయన ముందు చేసి చూపించి నేర్చుకో. మీ ఆయన కూడా నేర్చుకోవాలి. మందు ఇంట్లో లేకపోతే వెతుకుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చెయ్యి, లేదా బండి సిద్ధంగా ఉంటే దగ్గర్లో ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికి పరుగెత్తు.

ఇంజెక్షన్ ఇచ్చాక బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టు. ఆయాసపడుతుంటే ఒళ్లో కూర్చోబెట్టుకో, వాంతులవుతుంటే పక్కకి తిప్పు. లేపి నడిపించొద్దు, హఠాత్తుగా బీపీ పడిపోవచ్చు. ఉప్పునీళ్లు తాగించి కక్కించాలని ఎవరన్నా వస్తే ఒప్పుకోకు. అయిదు నిమిషాల్లో తేలిక పడకపోతే రెండో డోసు అవసరమవుతుంది. తగ్గిందనిపించినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, అక్కడ కొన్ని గంటలు ఉండాలి, ఎందుకంటే సద్దుమణిగింది మళ్లీ తిరగబెట్టొచ్చు.

ఇక వంటింటి సంగతి. పులిహోర, వంకాయ కూర, పోహా, గుడి ప్రసాదం, అన్నిట్లో పల్లీ దూరుతుంది. ఒకే మిక్సీ జార్, ఒకే గరిటె చాలు. బాబుకి విడిగా జార్ పెట్టు. అంగన్‌వాడీ టీచరుకి, పక్కింటి వాళ్లకి మొహమాటం లేకుండా చెప్పు. ఆంప్యూల్‌ని ఎండ తగలని చోట పెట్టు, కారులో వదలొద్దు, గడువు తేదీ క్యాలెండర్‌లో రాసుకో, మందు రంగు మారితే పారేసి కొత్తది తెచ్చుకో. డాక్టరు ఏమన్నారో ఆ సాయంత్రమే నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్తయ్య